టైటానియం, సఫైర్‌కి పెట్టే అదనపు డబ్బు దండగా? అసలు స్మార్ట్‌వాచీ ఎన్నేళ్లు వస్తుంది?

చెక్కపని

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదలు.

ఇప్పుడు నా చేతికున్నది అల్యూమినియం కేసు, మామూలు గట్టి గ్లాసు ఉన్న వాచీ. నాలుగేళ్లు దాటింది. గ్లాసు నిండా సన్న గీతలు, ఎండలో చూస్తే మరీ కనిపిస్తాయి. కేసు అంచుల్లో నల్లరంగు లేచిపోయి కింద లోహం తెల్లగా బయటపడింది. పొద్దున పెట్టుకుంటే సాయంత్రానికి ఛార్జింగ్ అడుగుతోంది. మార్చేద్దామని చూస్తుంటే అదే కంపెనీలో ఒకే వాచీ మూడు రకాలుగా ఉంది: అల్యూమినియం, స్టీల్, టైటానియం. లోపల చిప్ ఒకటే, సెన్సర్లు ఒకటే, బ్యాటరీ ఒకటే. పై రెండు రకాలకీ సఫైర్ (కృత్రిమంగా తయారుచేసిన నీలమణి స్ఫటికం) గ్లాసు. టైటానియం ధర మొదటిదానికి దాదాపు రెట్టింపు.

సెలవు రోజుల్లో ఇంట్లో చెక్కపని చేస్తాను. కోత, చిత్రిక, ఉప్పు కాగితం పట్టడం, అన్నీ. వారంలో కొన్ని రోజులు ఈతకు వెళ్తాను. కొంటే కనీసం ఐదేళ్లు వాడాలని ఉంది. రెట్టింపు డబ్బు పెడితే వాచీ రెట్టింపు కాలం వస్తుందా, లేక అదంతా మెరుపుకేనా? వాడినవాళ్లు చెప్పండి.

గీతలరాయుడు

మెరుపుకే. తర్వాతి ప్రశ్న?

లోహకారుడు

రాయుడు గారూ, అంత తొందరెందుకు? గ్లాసు సంగతి వేరు, కేసు సంగతి వేరు. రెండూ కలిపి ఒకే ధర కట్టి అమ్ముతారు కాబట్టి మనమూ కలిపే ఆలోచిస్తున్నాం. విడదీసి చూడండి.

ముందు గ్లాసు. ఒక పదార్థం ఇంకోదాన్ని గీయగలదా లేదా అన్నది మోస్ స్కేలు మీద 1 నుంచి 10 దాకా కొలుస్తారు. వజ్రం 10, సఫైర్ 9, క్వార్ట్జ్ 7. గ్లాసు ఎంత గట్టిపరిచినా 6కి అటూ ఇటూగానే ఉంటుంది. ఇందులో మనకు పగవాడు క్వార్ట్జ్. ఇసుకలో ఉండేది అదే, దుమ్ములో కలిసి తిరిగేదీ అదే. దుమ్ము పట్టిన గ్లాసును చొక్కా చేతితో తుడిచినా సరే, ఆ రేణువులు గీత పెట్టగలవు. తాళంచెవులు గీశాయని చాలామంది అనుకుంటారు గానీ ఎక్కువ గీతలు ఇలా దుమ్ము వల్ల పడ్డవే. సఫైర్‌ను మాత్రం క్వార్ట్జ్ ఏమీ చేయలేదు.

మరి గట్టిపరిచిన గ్లాసు దేనికి? దాన్ని కరిగించిన పొటాషియం లవణంలో ముంచుతారు. గ్లాసు పైపొరలో ఉన్న సోడియం అయాన్లు బయటికి వచ్చి, వాటి చోట సైజులో పెద్దవైన పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దాంతో పైపొర ఎప్పుడూ నొక్కుకుపోయి ఉంటుంది. పగుళ్లు తేలిగ్గా మొదలుకావు. అంటే ఆ ఏర్పాటు ముఖ్యంగా దెబ్బను తట్టుకోవడానికి. సఫైర్ దీనికి పూర్తిగా తలకిందులు. గీత పడదు కానీ పెళుసు. అంచు మీద గట్టి దెబ్బ పడితే చిట్లిపోతుంది.

కాబట్టి గీతలు మీ బాధ అయితే సఫైర్‌కి పెట్టిన డబ్బు కళ్లకు కనిపిస్తుంది. వాచీ కిందపడేయడం మీ అలవాటైతే అదే డబ్బు మిమ్మల్ని కాపాడుతుందని నేను చెప్పను.

కేసు గురించి రాత్రికి రాస్తాను, ఇప్పుడు పనిలో ఉన్నా.

స్టీలే_ముద్దు

నా స్టీల్ వాచీకి సఫైరే. ఇన్నేళ్లలో గ్లాసు మీద ఒక్క గీత లేదు. గోడలు, తలుపులు, కారు డోరు, దేన్ని గుద్దుకోలేదో అడగండి. దండగ అనేవాళ్లు ఒకసారి వాడి చూసి మాట్లాడాలి.

గీతలరాయుడు

గ్లాసు సంగతి సరే, కేసు ఫొటో పెట్టండి చూద్దాం.

స్టీలే_ముద్దు

కేసు నిండా గీతలే, దాచేదేముంది? పాలిష్ గుడ్డ పెట్టి నిదానంగా రుద్దితే సగం పోతాయి. మిగతావి నాతోపాటు తిరిగిన గుర్తులు. మీ అల్యూమినియం రంగు లేచిపోతే ఏ గుడ్డ పెట్టి రుద్దుతారు?

రిపేర్_బల్ల

వాచీలు విప్పి బాగుచేయడమే నా వృత్తి. బల్ల మీదికి వచ్చేవాటిని చూసి చెప్తున్నాను, కంపెనీల బ్రోషర్లు చదివి కాదు.

కేసు అరిగిపోయిందని వాచీ తెచ్చినవాళ్లను నేను చూడలేదు. వచ్చేవి మూడు రకాలు. గ్లాసు పగిలినవి, బ్యాటరీ అయిపోయినవి లేదా ఉబ్బినవి, నీళ్లు పోయినవి. ఈ మూడింటిలో కేసు ఏ లోహం అన్నది లెక్కలోకి వచ్చేది మొదటిదానికే, అదీ కొద్దిగా.

పగిలినవాటిలో సఫైరూ ఉంటుంది, మామూలు గ్లాసూ ఉంటుంది. నేను గమనించినంతలో తేడా తెచ్చేది గ్లాసు రకం కన్నా దాని ఆకారం. అంచుల దాకా వంపు తిరిగి కేసు కన్నా పైకి ఉబ్బి ఉన్న గ్లాసు అయితే ఏ రకమైనా ముందు దెబ్బ దానికే. చుట్టూ లోహపు బెజెల్, అంటే గ్లాసును చుట్టి ఉండే అంచు, కాస్త ఎత్తుగా ఉండి గ్లాసు చదునుగా లోపలికి ఉంటే, పడినప్పుడు లోహం దెబ్బ తింటుంది, గ్లాసు మిగులుతుంది. కొనేముందు వాచీని బోర్లా బల్ల మీద పెట్టి చూడండి. ముందు ఏది తగులుతోందో తెలిసిపోతుంది.

ఇంకోటి. ఇప్పటి వాచీల్లో గ్లాసు, కింద ఉన్న డిస్‌ప్లే కలిపి అంటించేసి ఉంటాయి. గ్లాసు ఒక్కటే మార్చడం చాలా మోడళ్లలో కుదరదు, మొత్తం మార్చాలి. సఫైర్ ఉన్నదానికి ఆ ఖర్చు ఇంకా ఎక్కువ. కొన్ని కంపెనీలైతే బాగుచేయవు, వాచీకి వాచీ మార్చి ఇచ్చి డబ్బు తీసుకుంటాయి.

చెక్కపని

బల్ల గారూ, బోర్లా పెట్టి చూసే కిటుకు బాగుంది. నాదాంట్లో మొదట గ్లాసే తగులుతోంది!

బ్యాటరీ గురించి కొంచెం వివరంగా చెప్పగలరా? టైటానియం కొన్నా ఇదే గతా?

రిపేర్_బల్ల

అదే బ్యాటరీ కదండీ. కేసుకు బంగారం పోత పోసినా లోపల లిథియం అయాన్ సెల్లు మారదు. ఆపిల్ తన వాచీ బ్యాటరీ 1000 పూర్తి ఛార్జింగ్ సైకిళ్ల తర్వాత మొదటి సామర్థ్యంలో 80 శాతం దాకా నిలిచేలా తయారుచేశామని చెబుతుంది. రోజూ ఒక పూర్తి ఛార్జి అంటే మూడేళ్లకు కాస్త తక్కువ. ఆ తర్వాత కూడా పనిచేస్తుంది, రోజు గడవడం కష్టమవుతుంది అంతే. పది రోజులకోసారి ఛార్జి పెట్టే స్పోర్ట్స్ వాచీల్లో సైకిళ్లు నెమ్మదిగా ఖర్చవుతాయి కాబట్టి అవి ఎక్కువేళ్లు లాగుతాయి. అయినా వాడినా వాడకపోయినా వయసు మీద కూడా సెల్లు తగ్గుతూనే ఉంటుంది. వేడి తగిలితే ఇంకా త్వరగా.

ఉబ్బితే మాత్రం వెంటనే వాడటం ఆపండి. లోపలి నుంచి తోసి డిస్‌ప్లేను పైకి లేపేస్తుంది. గ్లాసు ఒక పక్క కాస్త లేచినట్టు కనిపిస్తే గమ్ ఊడిందని నొక్కకండి. నొక్కి తెచ్చినవాళ్లు ఉన్నారు, అందుకే చెప్తున్నా.

లోహకారుడు

మాటిచ్చినట్టు కేసు గురించి.

బరువుతో మొదలుపెడదాం, ఎందుకంటే ఇందులోనే ఎక్కువ అపోహ. ఒక ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములు, టైటానియం సుమారు 4.5, స్టీల్ దాదాపు 8. అంటే టైటానియం తేలిక అన్నది స్టీల్‌తో పోల్చినప్పుడే. అల్యూమినియం నుంచి టైటానియంకి మారితే చేతికి బరువు పెరుగుతుంది. చెక్కపని గారు ఇప్పుడు అల్యూమినియం వాడుతున్నారు, గుర్తుంచుకోండి.

తర్వాత గట్టిదనం. లోహాలకు విక్కర్స్ అంకె వాడతారు. వాచీల్లో వాడే 316ఎల్ స్టీల్ మామూలు స్థితిలో 150 నుంచి 200 మధ్య. శుద్ధ టైటానియం, అంటే గ్రేడ్ 2, దాని చుట్టుపక్కలే ఉంటుంది. గ్రేడ్ 5 టైటానియంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలుపుతారు, అది 350 దాకా వెళ్తుంది. జిర్కోనియా సిరామిక్ 1200 దగ్గర. కాబట్టి ‘టైటానియం’ అని మాత్రమే రాసి ఉంటే ఏ గ్రేడో అడగండి. ‘ఏరోస్పేస్ గ్రేడ్’ అన్నది ప్రకటనల భాష. అలాంటి గ్రేడు ఏ ప్రమాణంలోనూ లేదు.

అల్యూమినియం కేసు మీద ఉండే రంగు పొర చిత్రమైనది. అనోడైజింగ్ చేసినప్పుడు లోహం పైభాగమే అల్యూమినియం ఆక్సైడ్‌గా మారుతుంది. సఫైర్ కూడా రసాయనికంగా అదే పదార్థం! మరి ఎందుకు లేచిపోతుంది? ఆ పొర మైక్రాన్ల మందమే, స్ఫటికం కూడా కాదు, పైగా కింద ఉన్న లోహం మెత్తన. పరుపు మీద గాజు పలక పరిచి దాని మీద నిలబడితే ఏమవుతుంది? పలక గట్టిదే, కిందిది కుంగింది కాబట్టి పగిలింది. మీ అంచుల్లో తెల్లగా బయటపడింది ఇలాగే.

నల్ల స్టీల్, నల్ల టైటానియం మీద వేసే డీఎల్‌సీ (వజ్రంలాంటి కార్బన్) పూతకు కూడా ఇదే వర్తిస్తుంది. డీఎల్‌సీ చాలా గట్టిది, సాధారణ రాపిడికి చెక్కు చెదరదు. కానీ మందం కొన్ని మైక్రాన్లే. లోతైన సొట్ట పడితే పూత కూడా పోతుంది, పోయినచోట మెరిసే లోహం కనిపిస్తుంది. పాలిష్ చేసి సరిచేసే వీలు లేదు. ముదురు రంగు మీద మోజుంటే సరే, గీతలు దాచుకోవడానికి నల్లది కొంటున్నానంటే మాత్రం వద్దంటాను. బ్రష్ చేసిన రంగులేని టైటానియం గీతలను దాచినంత బాగా ఏదీ దాచదు.

స్టీలే_ముద్దు

లోహకారుడు గారూ, అంకెలన్నీ బాగున్నాయి కానీ నా ఫ్రెండు టైటానియం వాచీ నా స్టీల్ కన్నా ముందే మసకబారింది. గ్రేడ్ 5 అనే రాసి ఉంది దాని మీద. ఇప్పుడేమంటారు?

లోహకారుడు

అంటాను, అది జరిగేదే. విక్కర్స్ అంకె నొక్కితే ఎంత సొట్ట పడుతుందో చెబుతుంది. పైపైన రాసుకుంటే ఎలా కనిపిస్తుందో చెప్పదు. టైటానియంకి రాపిడిలో అంటుకుని చిరిగే గుణం ఉంది. పైన గాలికి ఏర్పడే ఆక్సైడ్ పొర చాలా పలచన. అందుకే తేలిక రాపిడికే మచ్చలు కనిపిస్తాయి, వేలిముద్రల జిడ్డు కూడా రంగు మారినట్టు అనిపిస్తుంది. గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది. మీ ఫ్రెండుది తుడిచి చూశారా?

స్టీలే_ముద్దు

తుడిచాక కొంచెం నయం. కొంచెమే.

నైట్_డ్యూటీ

నర్సుగా పనిచేస్తాను, డ్యూటీలో వాచీ మణికట్టుకు కాదు, జేబులో. బయట మాత్రం రోజంతా పెట్టుకుంటాను. టైటానియం వైపు నేను వెళ్లింది మెరుపు కోసం కాదు. నాకు నికెల్ పడదు.

316ఎల్ స్టీల్‌లో 10 నుంచి 14 శాతం నికెల్ ఉంటుంది. అది లోహంలో గట్టిగా కట్టుబడి ఉంటుంది, చర్మంలోకి వచ్చేది చాలా తక్కువ, చాలామందికి ఏమీ కాదు. నాలాంటి కొద్దిమందికి చెమట పట్టే రోజుల్లో దురద మొదలవుతుంది. గ్రేడ్ 5 టైటానియంలో నికెల్ కలపరు. ఇలాంటివాళ్లకు అదనపు ధర దండగ అనకండి, వాచీ పెట్టుకోగలమా లేదా అన్న ప్రశ్న అది. కానీ ఒక మెలిక ఉంది: కేసు టైటానియమే, స్ట్రాప్ బకిల్ స్టీల్. కొనేముందు బకిల్ కూడా చూడండి.

దద్దుర్లు రాగానే లోహాన్ని తిట్టడం కూడా సరికాదు. స్ట్రాప్ కింద సబ్బు నురగ, తడి నిలిచిపోవడం వల్ల వచ్చేవే ఎక్కువ. స్నానం తర్వాత తీసి, స్ట్రాప్ కడిగి, చేయి ఆరాక పెట్టుకుంటే చాలామందికి తగ్గిపోతుంది.

స్ట్రాప్ మాట వచ్చింది కాబట్టి, ‘ప్రీమియం రబ్బరు’ అని ఎక్కువ ధరకు అమ్మేది చాలాసార్లు ఫ్లోరోఎలాస్టమర్, అంటే ఫ్లోరిన్ కలిసిన కృత్రిమ రబ్బరు. చెమటకు, సన్‌స్క్రీన్‌కు పాడవదు, నిజమే. అయితే 2024 చివర్లో అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాచీ బ్యాండ్లు పరీక్షించి, ఈ రకం బ్యాండ్లు కొన్నిటిలో పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఏ అనే రసాయనం ఎక్కువగా ఉందని ప్రచురించారు. అది పీఎఫ్‌ఏఎస్ కుటుంబానిది, ప్రకృతిలో కుళ్లకుండా నిలిచిపోయే రకం. భయపెట్టడానికి చెప్పడం లేదు. ధర ఎక్కువ కాబట్టి చర్మానికి మంచిదని అనుకోవద్దు అంటున్నా. నేను మామూలు సిలికాన్‌కి మారాను, పాడైతే పారేసి ఇంకోటి.

పరుగుల_పిచ్చి

ఇక్కడెవరూ ప్లాస్టిక్ ఊసెత్తలేదేంటి? గార్మిన్ వాచీల్లో చాలావాటికి ఒళ్లంతా ఫైబర్ కలిపిన పాలిమరే, పైన లోహపు బెజెల్ ఉంటే ఉంటుంది. నాది అలాంటిదే. రాళ్ల మీద పడ్డాను, బురదలో దొర్లాను. గీతలు ఉన్నాయి కానీ రంగు లోపలి దాకా ఒకటే కాబట్టి కంటికి ఆనవు. పరుగులో తేలికైన వాచీ మణికట్టు మీద ఎగరదు. ఎగిరిందంటే సెన్సర్‌కి చర్మానికి మధ్య వెలుతురు దూరి గుండె లెక్క తప్పుతుంది. బరువైన స్టీల్ వాచీని బిగించి కట్టుకుని పరుగెత్తేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

చెక్కపని గారు మిస్సవుతున్న విషయం ఇంకోటి: సఫైర్ కావాలంటే ఖరీదైన లోహం కొనాల్సిందే అన్నది అన్ని కంపెనీల్లో లేదు. 2022లో వచ్చిన గెలాక్సీ వాచ్5 నుంచి సామ్‌సంగ్ అల్యూమినియం కేసుకే సఫైర్ పెట్టింది. ఆపిల్ మామూలు మోడళ్లలో మాత్రం అల్యూమినియం అంటే మామూలు గ్లాసు, పై రకం అంటే సఫైర్ అని జత కట్టేసింది. అక్కడ మీరు గ్లాసు కోసం లోహానికి కూడా డబ్బు కడుతున్నారు.

ఎండ గురించి కూడా ఒక మాట. సఫైర్ గ్లాసు కన్నా ఎక్కువ కాంతిని తిప్పికొడుతుంది. గ్లాసు ఉపరితలం 4 శాతం దాకా తిప్పికొడితే సఫైర్ 7, 8 శాతం దాకా. పైన యాంటీ రిఫ్లెక్షన్ పూత లేకపోతే మిట్టమధ్యాహ్నం పరుగులో తేడా తెలుస్తుంది. డిస్‌ప్లే బాగా వెలిగేదైతే పట్టించుకోనక్కర్లేదు.

లోహకారుడు

పరుగుల పిచ్చి గారు పూత మాట ఎత్తారు కాబట్టి చిన్న చేర్పు. ‘సఫైర్ మీద గీత పడింది’ అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి ఆ యాంటీ రిఫ్లెక్షన్ పూత మీద గీతలు. పూత సఫైర్ అంత గట్టిది కాదు. ఇంకొన్ని గీతలే కావు. సఫైర్ గానీ సిరామిక్ గానీ మెత్తటి లోహానికి రాసుకుంటే ఆ లోహమే అరిగి దీనికి అంటుకుంటుంది, బూడిదరంగు చారలా కనిపిస్తుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్ది చూడండి, పోతే అది గీత కాదు. పూత ఉన్నచోట మాత్రం గట్టిగా రుద్దకండి.

చెక్కపని గారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. సఫైర్‌ను గీయగలిగేవి నిత్యజీవితంలో చాలా తక్కువ. దురదృష్టం ఏమిటంటే ఉప్పు కాగితం వాటిలో ఒకటి. దాని మీద గరుకు రేణువులు చాలావరకు అల్యూమినియం ఆక్సైడో సిలికాన్ కార్బైడో. మొదటిది సఫైర్‌తో సమానం, రెండోది ఇంకా గట్టిది. సానరాయి కూడా అంతే. ఇక్కడున్న వందమందిలో సఫైర్‌ను గీయగలిగే పని చేసేది మీరొక్కరే అయ్యుంటారు.

చెక్కపని

హహ, నాకే రాసిపెట్టి ఉంది. పని చేసేటప్పుడు తీసి పక్కన పెట్టడమే మార్గం అన్నమాట.

గీతలరాయుడు

పని చేసేటప్పుడు తీసేసి పెట్టేదానికి టైటానియం దేనికయ్యా?

మెకానికల్_మోజు

ఇంతసేపూ లోహం ఎన్నేళ్లు వస్తుందని మాట్లాడుకుంటున్నారు. లోహం మనకన్నా ఎక్కువ కాలం ఉంటుంది, అందులో సందేహమేం లేదు. వాచీ పనిచేయడం ఎప్పుడు ఆగుతుందన్నది సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంది.

2015లో ఆపిల్ మొదటి వాచీ వచ్చినప్పుడు 18 క్యారెట్ల బంగారంతో ఒక ఎడిషన్ తెచ్చింది. లోపల ఉన్నది అల్యూమినియం వాచీలో ఉన్న చిప్పే. 2018లో ఆపిల్ వాచీ సాఫ్ట్‌వేర్ వాచ్‌ఓఎస్ 5 వచ్చేసరికి ఆ తరం మొత్తానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. బంగారందీ ఆగింది, అల్యూమినియందీ ఆగింది, ఒకే రోజు. అదే ఏడాది, 2018 జూన్‌లో, పెబుల్ అనే స్మార్ట్‌వాచీల సర్వర్లు మూసేశారు. పెబుల్ స్టీల్ వాచీ కొన్నవాళ్ల చేతిలో కేసు నిగనిగలాడుతూనే ఉంది. ఆ తర్వాత రెబుల్ అని వాడకందారులే కలిసి సేవలు నడుపుకున్నారు, అది వేరే ముచ్చట.

ఈ సమస్య వాచీ కంపెనీలకు బాగా తెలుసు. స్విస్ వాచీ కంపెనీ ట్యాగ్ హాయర్ 2015లో టైటానియం కేసు, సఫైర్ గ్లాసుతో కనెక్టెడ్ అనే స్మార్ట్‌వాచీ తెచ్చినప్పుడు, రెండేళ్ల తర్వాత దాన్ని తిరిగిచ్చి, పైన కొంత కట్టి మెకానికల్ వాచీ తీసుకోవచ్చని ఆఫర్ పెట్టింది. ఎలక్ట్రానిక్స్ పాతబడతాయని అమ్మేవాడే ముందు ఒప్పుకున్నట్టు కదా అది. నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యాపారంలో నిజాయితీగా చేసిన పనుల్లో అదొకటి.

మెకానికల్ వాచీకి సఫైర్, మంచి స్టీల్ పెడితే అర్థం ఉంది. లోపలి యంత్రానికి సర్వీస్ చేయించుకుంటూ పోతే తరాలు తిరుగుతుంది. నాలుగైదేళ్లకు ప్రాణం పోయేదానికి వందేళ్ల ఒళ్లు తొడగడం ఏం లెక్క?

స్టీలే_ముద్దు

మోజు గారూ, ప్రతిసారీ ఈ మాటే చెప్తారు మీరు. ఎన్నేళ్లు వస్తుందన్నది ఒక్కటే లెక్క అయితే మనందరం బటన్ ఫోన్లే వాడాలి. నేను రోజుకి వందసార్లు చేయి చూసుకుంటాను. చూసిన ప్రతిసారీ నచ్చాలి. నాలుగేళ్లు అలా నచ్చితే నాకు డబ్బు వచ్చేసినట్టే. అది మెరుపే, ఒప్పుకుంటున్నా, మెరుపుకి డబ్బు పెట్టడం నేరమా?

మెకానికల్_మోజు

నేరం కాదు. ‘ఎక్కువ కాలం వస్తుందని కొన్నా’ అని ఇంట్లో చెప్పడం నేరం.

స్టీలే_ముద్దు

ఆ మాట ఇంట్లోవాళ్ల చెవిన పడకపోతే చాలు.

పరుగుల_పిచ్చి

అమ్మేటప్పుడు ప్రీమియం కేసుకి ఎక్కువ వస్తుంది కదా అని ఒకరు ఇంతకుముందు ఇంకో చర్చలో అన్నారు. నేను పాతవి కొంటుంటాను. నేనడిగే మొదటి ప్రశ్న బ్యాటరీ ఆరోగ్యం ఎంత, రెండోది ఏ తరం. టైటానియం అని చెబితే సంతోషం, దానికని కొత్తప్పుడు కట్టిన తేడా మొత్తం నేనివ్వను. నాలాంటివాళ్లే ఎక్కువ.

రిపేర్_బల్ల

నీళ్ల గురించి ఎవరూ అడగలేదు, చెక్కపని గారు ఈత అన్నారు కాబట్టి చెప్తా. 5 ఏటీఎం (వాతావరణ పీడనానికి ఐదు రెట్లు), 50 మీటర్లు అని రాసి ఉండే అంకె ఐఎస్ఓ 22810 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కొత్త వాచీకి చేసిన పరీక్షది. 50 మీటర్ల లోతుకి దూకమని కాదు, ఈతకు సరిపోతుందని. ఆ రక్షణ శాశ్వతం కాదని కంపెనీలే రాస్తాయి. కాపాడేది గ్లాసూ కాదు, లోహమూ కాదు. మధ్యలో ఉన్న రబ్బరు సీలు, గమ్. వేడినీళ్ల ఆవిరి, సబ్బు, షాంపూ వీటికి శత్రువులు. ఒకసారి కిందపడి అంచు కొద్దిగా వంగినా సీలు సరిగ్గా కూర్చోదు. టైటానియం అంత తేలిగ్గా వంగదు కాబట్టి ఇక్కడ దానికి కొంచెం మొగ్గు ఇస్తాను. కొంచెమే.

ఉప్పునీళ్లు, క్లోరిన్ నీళ్ల తర్వాత మామూలు నీళ్లతో కడగండి. ఛార్జింగ్ పిన్నులు బయటికి కనిపించే రకం వాచీలైతే మరీ ముఖ్యం. కేసు ఏదైనా చెమట ఉప్పు పేరుకునేది ఆ పిన్నుల మీదే.

చెక్కపని గారూ, ఒకటి అడుగుతాను. మీ పాత వాచీకి అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా?

చెక్కపని

వస్తున్నాయి. కొత్త వెర్షన్ కూడా వచ్చిందీమధ్యే. వేగం కూడా బాగానే ఉంది. గీతలు, రంగు, బ్యాటరీ, ఈ మూడే బాధ.

రిపేర్_బల్ల

మరి కొనడమెందుకు? బ్యాటరీ మార్పించండి. దాని ఖర్చు మీరు చెప్పిన రెండు రకాల మధ్య తేడాలో చిన్న ముక్క.

స్టీలే_ముద్దు

బల్ల గారు తన గిరాకీ తను చూసుకుంటున్నారు 😄

రిపేర్_బల్ల

నా దగ్గరికే రమ్మన్నానా? కంపెనీ సర్వీసులో చేయించుకోమనండి, ఇంకా మంచిది. సీలు వాళ్లు కొత్తది వేస్తారు.

నైట్_డ్యూటీ

నేనూ అదే చెబుదామనుకున్నా. గీతలు పడిన గ్లాసుతో బతకొచ్చండీ. సాయంత్రానికి చచ్చే బ్యాటరీతోనే కష్టం. ఇప్పుడు బ్యాటరీ మార్చి ఒకటి రెండేళ్లు లాగితే, అప్పటికి మీ కంపెనీ కూడా మామూలు కేసుకి సఫైర్ పెట్టొచ్చేమో ఎవరికి తెలుసు?

లోహకారుడు

బ్యాటరీకి నా ఓటు కూడా. ఎప్పుడు కొన్నా మీ వాడకానికి నేను చెప్పే వరస ఇది: చదునైన సఫైర్, దాని చుట్టూ ఎత్తైన బెజెల్, ఆ తర్వాతే కేసు ఏ లోహమన్నది. లోహం ఎంచుకోవాల్సి వస్తే రంగు వేయని గ్రేడ్ 5. సిరామిక్ జోలికి మీరు వెళ్లకండి. దాని మీద గీత పడదు, కానీ సుత్తులు ఉండే చోట సిరామిక్ నాకు టెన్షన్.

చెక్కపని

అందరికీ ధన్యవాదాలు. బ్యాటరీకే ఇస్తున్నాను, సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. వాచీ వాళ్ల దగ్గర వదిలి రావాలట. రాయుడు గారూ, కొత్తది ఎప్పుడు కొంటే అప్పుడు మీకే ముందు చెప్తా.

గీతలరాయుడు

టైటానియం కొంటే చెప్పకండి.

రిపేర్_బల్ల

మంచి పని. ఇచ్చేటప్పుడు రెండు అడగండి: సీలు కొత్తది వేస్తున్నారా, మూసిన తర్వాత ప్రెషర్ పరీక్ష చేసి ఇస్తారా. రెండోదానికి అవును అనకపోతే వాచీ తీసుకోండి కానీ, దానితో ఈతకు దిగకండి.